కారంజా ఒడ్డున కట్టిన తాడు

కరోనా తగ్గిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో, ఈస్టర్‌కు రెండు వారాలు ఉందనగా, హెడ్మాస్టర్ రాజరత్నం గారి కుటుంబ యాత్రను నాకు అప్పగించారు. అప్పటికి నేను బీదర్‌లోని ఒక ట్రావెల్స్‌లో టూర్ మేనేజర్‌ని. తర్వాత మోకాళ్ళు అరిగిపోయి, మామూలు కంటే ముందుగానే ఆ పని నుంచి తప్పుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని వెనక్కి చూసుకుంటే, పెద్ద పెద్ద యాత్రలు కాకుండా, ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా లేని ఆ ఒక్క యాత్రే ముందుకొస్తోంది.

టూర్ మేనేజర్ అంటే ఏం చేస్తాడని చాలామంది అడుగుతుంటారు. బండి నడపడు, వంట చేయడు, డబ్బు పెట్టడు. కానీ ఏది తప్పినా తిట్లు మాత్రం ఆయనకే. మా వృత్తిలో ఒక హద్దు ఉంది. బండి కదులుతున్నంత సేపు డ్రైవర్ మాట చెల్లుతుంది. బండి ఆగి మనుషులు దిగాక మేనేజర్ మాట చెల్లుతుంది. మా డ్రైవర్ గౌస్ భాయ్‌కీ నాకూ మధ్య ఏళ్ళ తరబడి ఆ హద్దు మీద ఒక్కసారి కూడా గొడవ రాలేదు. మిగతా అన్నిటి మీదా వచ్చింది.

బీదర్‌కు సముద్రం లేదు. తూర్పున బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోయినా, పడమటి కొంకణ తీరానికి పోయినా, ఒక రాత్రంతా బండిలో ఒరిగి నిద్రపోవలసిందే. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు, ముసలివాళ్ళున్న ఇళ్ళవాళ్ళకు అది కష్టం. అందుకని నేను ‘దగ్గరి సముద్రం’ అని ఒక ప్యాకేజీ తయారుచేశాను. ఆ సముద్రం మా కారంజా జలాశయమే. వేసవిలో నీళ్ళు వెనక్కి తగ్గాక దాని వెనక వైపు విశాలమైన ఒడ్డు తేలుతుంది. పొద్దున గాలి వీస్తే చిన్న అలలు కూడా వస్తాయి. అవతలి ఒడ్డు కనిపించకుండా బండి ఎక్కడ నిలపాలో గౌస్ భాయ్‌కి తెలుసు.

దగ్గరి యాత్రకు ప్లాను వేయడం సులువని జనం అనుకుంటారు. దూరపు యాత్రలో సగం పని దారే చేసిపెడుతుంది. దగ్గరి యాత్రలో ఇంకా టిఫిన్ అరగకముందే చేరుకుంటారు. అక్కడి నుంచి సాయంత్రం దాకా పిల్లలను దేనితో ఆడించాలి, ముసలివాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలి, ఆడవాళ్ళకు చాటు ఎక్కడ, నీడ ఏ వేళకు ఎటు తిరుగుతుంది, ఫోను ఎక్కడ పనిచేస్తుంది, ఎవరికైనా దెబ్బ తగిలితే దగ్గరి ఆసుపత్రి ఏది, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. అందుకోసం మేనేజర్ ఒక్కడే ముందుగా పోయి చోటు చూసి వస్తాడు. దాన్ని మేము రెక్కీ అంటాం. జలాశయం దగ్గరైతే నీటిపారుదల వాళ్ళ క్యాంపు ఆఫీసులో అనుమతి కూడా తీసుకోవాలి. మాకు ఇచ్చేది ఒడ్డు వరకే. నీళ్ళలో దిగడానికి ఇవ్వరు. కాబట్టి నీటి అంచుకు దూరంగా గుంజలు పాతి నైలాను తాడు కడతాం. పిల్లలు ఆ తాడు దాటకూడదు.

తాడు పిల్లలను ఆపదు. తాడు కట్టినవాడి మాట ఆపుతుంది. అందుకని బస్సులోనే వాళ్ళను నా వైపు తిప్పుకునేవాణ్ణి. కారంజాలో ఒక చేప ఉందనీ, దానికి తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ వచ్చనీ, ఒకసారి అది దారి తప్పి సంతపూర్‌లో ఔరాద్ బస్సు ఎక్కితే కండక్టర్ సగం టికెట్ కొట్టాడనీ చెప్పేవాణ్ణి. సగం టికెట్ ఎందుకని ఎవరైనా అడిగితే, అది ఇంకా బడికి పోయే వయసు చేప అనేవాణ్ణి. ఈ కథల వల్ల నాకు ఊళ్ళో కొంత పేరు వచ్చింది. ఏ పేరో నేను చెప్పక్కర్లేదు.

రాజరత్నం గారు మొదట అడిగింది అసలు సముద్రమే. ఆయన పిల్లలు, చెల్లెలి పిల్లలు కలిసి సూర్యలంక పోదామని పట్టుబట్టారు. సీట్లు రాసుకున్నాక ఆయన మళ్ళీ ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“అమ్మ రానంటోంది. కారంజాకు తీసుకుపొమ్మంటోంది. మీరొక్కసారి వచ్చి మాట్లాడండి.”

ఆయన తల్లి మార్తమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. వాళ్ళది కారంజా కింద మునిగిపోయిన ఊళ్ళలో ఒకటి. డ్యాము కట్టినప్పుడు ఖాళీ చేసి బీదర్ వచ్చారు. నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. కళ్ళకు శుక్లాలు. పిక్క ఏదో గుజ్జు ఏదో వేళ్ళతోనే తెలుసుకుంటోంది.

“వచ్చినవా మాణికయ్య. నీ చేప మంచిగున్నదా?” అంది.

బాగుంది, ఈ మధ్య ఇంగ్లీషు కూడా నేర్చుకుంటోందని చెప్పాను. ఆమె నవ్వలేదు.

“సముద్రం యాడికి పోతది? ఆడనే ఉంటది. ఈ నీళ్ళు మాత్రం ఈ ఏడు మస్తు దిగినయంట. మా చర్చి కట్ట తేలిందని చేపలు అమ్మెటామె చెప్పింది. కట్ట తేలితె దాని వెనక సమాధులు తేలినట్టే. నా కరుణ ఆడున్నది.”

కరుణ ఆమె మొదటి బిడ్డ. నడక వచ్చిన ఏడు జ్వరంతో పోయింది. రాజరత్నం గారు ఆ తర్వాత పుట్టారు. ఈస్టర్‌కు ముందు సమాధులకు సున్నం వేయడం వాళ్ళ ఆచారం. ఊరు మునిగాక ఆ పిల్ల సమాధికి సున్నం పడలేదు. ఏటా వేసవిలో ఆమె నీళ్ళు ఎంత దిగాయని అడుగుతూనే ఉంది. సమాధి బండ తేలేంతగా ఎప్పుడూ దిగలేదు.

“నా కండ్లు ఇట్లున్నయి. వచ్చే ఏడు దాక ఉంటనో లేదో. సున్నం ఏసి వస్త. అంతే.”

రాజరత్నం గారు గడప దగ్గర నిలబడి, “బురదమ్మా అంత. పిల్లలను యాడ పెట్టాలె?” అన్నారు.

“నిన్ను పెట్టుకోని ఆ బురదల్నే బతికిన,” అంది మార్తమ్మ.

చివరికి రెండు యాత్రలుగా విడదీశాను. ఈస్టర్ ముందటి శనివారం అందరూ కారంజాకు, మే నెలలో అందరూ సముద్రానికి. సముద్రానికి కూడా వస్తేనే కారంజాకు అని మార్తమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. పిల్లలకు చేప కథ ఉండనే ఉంది.

యాత్రకు ముందు సోమవారం రెక్కీకి పోయాను. ధన్నూర వైపు నుంచి వచ్చి అక్కడ చేపలు పట్టే నర్సప్ప నాకు తోడు వచ్చాడు. జలాశయం అడుగున తేలిన నేల పైకి ఎండి పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. చూడటానికి గట్టి నేల. అది రేగడి. పైన పెచ్చు, కింద ముద్ద. కర్ర దింపుకుంటూ నడవాలి. అట్లా నడిచి చర్చి కట్టను, అంటే పాత చర్చి పునాది అరుగును, చేరుకున్నాం. దాని వెనక మట్టి పేరుకుపోయిన గుట్టలు కొన్ని ఉన్నాయి. మార్తమ్మ ముందే గుర్తులు చెప్పింది: షాబాదు బండ, మీద చెక్కిన సిలువ, తల వైపు ఎడమ మూల విరిగి ఉంటుంది. ఒండ్రు తోసి చూస్తే, నీటి అంచుకు కొంచెం ఇవతల, చెప్పింది చెప్పినట్టు దొరికింది. పక్కన ఒక వెదురు గెడను లోతుగా పాతి, కొసకు ఎర్ర గుడ్డ కట్టాం. బండి ఆగే చోటు నుంచి అక్కడి దాకా గట్టి నేల ఎటు ఉందో చూసుకుని దారి వెంట రాళ్ళు పెట్టించాను. ముసలావిడను కుర్చీలో మోసుకుపోవడానికి మనుషులను మాట్లాడాను.

గురువారం ఎగువన ఎక్కడో అకాల వర్షం పడింది. శుక్రవారం సాయంత్రం నర్సప్పకు ఫోను చేస్తే నీళ్ళు ఇంకా రాలేదన్నాడు. రాత్రి వచ్చాయి.

శనివారం పొద్దున బండి దిగగానే గౌస్ భాయ్ నా భుజం తట్టాడు. “పానీ ఊపరొచ్చింది భాయ్,” అన్నాడు మెల్లగా.

జలాశయాల గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఒడ్డు నిటారుగా ఉన్న చోట నీళ్ళు మూరెడు పెరిగినా తేడా కనిపించదు. కారంజా వెనక నేల చదును. అక్కడ మూరెడు పెరిగితే నీటి అంచు వీధి పొడవునా ముందుకు వచ్చేస్తుంది. చర్చి కట్ట పైరాళ్ళ వరస ఒక్కటే తేలి ఉంది. నేను పెట్టించిన రాళ్ళ దారి నీళ్ళలోకి దిగి మాయమైంది. దాని చివర, నీళ్ళ మధ్యలో, ఎర్ర గుడ్డతో వెదురు గెడ నిలబడి ఉంది.

చూపున్న ప్రతి ఒక్కరికీ అది కనిపిస్తూనే ఉంది. మార్తమ్మకు తప్ప. ఆమెను గొడుగు కింద కుర్చీలో కూర్చోబెట్టాం. ఒడిలో సున్నపు కుంచె పట్టుకుని ఉంది. కోడలు సుగుణమ్మ బకెట్‌లో సున్నం కలుపుతోంది.

నా పని నేను మొదలుపెట్టాను. నీటి అంచుకు బాగా ఇవతల గుంజలు పాతి తాడు కట్టించాను. పిల్లలను వరసగా నిలబెట్టి తలలు లెక్కపెట్టాను. రాజరత్నం గారి చిన్న కూతురు నా చొక్కా పట్టుకుని, “మామా, నీ చేప ఆ గెడ కాడనే ఉంటదా?” అంది.

“లేదు బిడ్డా. ఆ కథ బస్సుల చెప్పిన. ఇది బస్సు కాదు. ఈడ బురద ఉన్నది. తాడు దాటితె కాలు గుంజుకుంటది.”

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, వెనక్కి వెళ్ళి మిగతావాళ్ళకు చెప్పింది. ఆ పొద్దంతా ఒక్కరూ తాడు ముట్టుకోలేదు.

రాజరత్నం గారు నన్ను బండి వెనకకు పిలిచారు. బడిలో మాట్లాడే గొంతుతో కాదు, ఇంట్లో గొంతుతో మాట్లాడారు.

“మాణికన్నా, అమ్మకు కండ్లు కనవడ్తలెవ్వు. ఈ ఒడ్డు మీద ఇంకో సమాధి ఉన్నది గద, రాళ్ళ కుప్ప. ఇదే అని చెప్పు. సున్నం ఏస్తది, పార్థన చేస్తది, ఇంటికి పోతం.”

నేను చెబితే ఎవరు నమ్ముతారు సార్ అన్నాను.

“అమ్మ నమ్ముతది. చేపకు నాలుగు భాషలు నేర్పినోనివి, ఒక్క బండకు పేరు పెట్టలేవా?”

నా మీద ఎన్నో మాటలు పడ్డాయి గానీ ఇంత సూటిగా ఎవరూ అనలేదు. ఆయనను తప్పు పట్టను. ఆ సమయానికి ఆయనకు కావలసింది తల్లి కంట నీళ్ళు చూడకుండా ఇంటికి చేరడం. ఏ కొడుక్కైనా అదే కావాలి. నాకు కూడా ఆ అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. అది నేను చెప్పిన వాటన్నిటికంటే చిన్నది.

కానీ తాడు గుర్తొచ్చింది. ఆ రోజు పిల్లలు నా మాట మీద ఆగారు. నీళ్ళు ఎక్కడున్నాయో ఒకరికి ఒక రకంగా, ఇంకొకరికి ఇంకో రకంగా చెబితే ఆ మాటకు బలం ఉండదు. పైగా చింతపండులో పిక్కను వేలితో పట్టే మనిషికి విరిగిన మూల ఎక్కడో తెలియదా?

వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. నీళ్ళు పెరిగాయని, బండ మునిగిందని చెప్పాను.

ఆమె కుంచె పీచును వేళ్ళతో దువ్వుతూ కూర్చుంది. తర్వాత అడిగింది.

“ఎంత దూరమున్నది?”

“మీ చర్చి గేటు నుంచి లోపలి పీఠం దాక ఉన్నంత దూరం.”

“లోతు?”

“మోకాలి దాక నీళ్ళు. వాటి కింద మోకాలి దాక బురద. ఎవరినీ దిగనియ్యనమ్మా. నన్నేమన్నా అను.”

“నిన్నేమంట. గెడ పాతినన్నవు గద, నిలబడ్డదా?”

“నిలబడ్డది. గుడ్డ గూడ ఉన్నది.”

ఆమె తల ఊపింది. “ఒడ్డు మీద ఏమన్న ఉన్నదా?”

ఒకటి ఉందని, రాళ్ళ కుప్పని, పేరు లేదని, ఎవరిదో తెలియదని చెప్పాను. రాజరత్నం గారు నా వెనకే నిలబడి ఉన్నారు. ఆయన ఊపిరి వినిపిస్తోంది.

“అయితె ముందు దాని కాడికే తోల్కపో,” అంది మార్తమ్మ. “మా ఊర్ల అదే ఆచారం. ముందుగాల దిక్కులేని దానికి సున్నం. తర్వాతనే ఇంటిది. ఇంటిదానికి ముందు ఏసుకుంటె మా మామ ఊకోకపోతుండె.” కొంచెం ఆగి, నవ్వులాంటి గొంతుతో అంది: “వీడు నీకు ఇదే కరుణది అని చెప్పుమన్నడేమో. నువ్వు గట్లన్నా నేను దిక్కులేనిది యాడున్నదని అడిగేదాన్ని. అప్పుడేం చూపెడుతుంటివి?”

నేను లేచి కుర్చీ మోసేవాళ్ళను కేకేశాను.

కుర్చీతో సహా ఆమెను ఆ కుప్ప దగ్గరికి మోసుకుపోయాం. ఆమె వంగి ఒక్కొక్క రాయినీ తడిమింది. పెద్దోళ్ళదో చిన్నపిల్లదో తెలుస్తలేదు అంది. కుంచెను కొడుకు వైపు చాచింది.

“నువ్వెయ్యి రా. చిన్నప్పుడు నువ్వే ఏసెటోనివి.”

రాజరత్నం గారు కుంచె అందుకున్నారు. “యాదికున్నది,” అన్నారు. “నాన్న బకీట్ పట్టుకునేటోడు. పాయింట్ మీద సున్నం పడితె నువ్వు తిడుతుంటివి.”

“ఇప్పుడు గూడ తిడ్త. మడుసుకో.”

హెడ్మాస్టర్ గారు ప్యాంటు మడిచారు. పిల్లలందరూ తలా ఒక రాయికి సున్నం పూశారు. సుగుణమ్మ పాట ఎత్తుకుంది. గౌస్ భాయ్ టోపీ సరిచేసుకుని కాస్త దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బకెట్‌లో ఇంకా సగం సున్నం మిగిలింది. సమాధుల సున్నాన్ని ఇంటికి తిరిగి తీసుకుపోరని మార్తమ్మ చెప్పింది. అది వినగానే రాజరత్నం గారు బకెట్ అందుకుని తాడు వైపు నడిచారు. కాసేపటి క్రితం అబద్ధం చెప్పమన్న మనిషే.

“ఆగండి సార్.”

“అది మా అక్క సమాధన్నా. పొయ్యొస్త.”

“ఆగండి.”

ఆయన ఒక కాలు తాడు మీదుగా ఎత్తారు. నేను చేయి పట్టుకున్నాను. తాడుకు అవతల, నీటి అంచున, ఆ పొద్దున నర్సప్ప తెచ్చిన పుట్టి కట్టి ఉంది. పుట్టి అంటే వెదురుతో అల్లి, తోలు కప్పి తారు పూసిన గుండ్రటి బుట్ట పడవ. కానీ మాకున్న అనుమతి ఒడ్డు వరకే. క్యాంపు ఆఫీసులోని సెక్షన్ ఇంజనీరుకు ఫోను చేశాను. కన్నడంలో విషయమంతా చెప్పాను, ఒక్క మాట కూడా కలపకుండా. ఆయన, పుట్టి తోసేవాడు కాక ఒక్క మనిషి, లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఒడ్డు నుంచి తాడు కట్టి ఉండాలి, వెంటనే వెనక్కి రావాలి అన్నారు.

అట్లాగే చేశాం. పుట్టికి కట్టిన తాడు రెండో కొసను గౌస్ భాయ్ నడుముకు చుట్టుకున్నాడు. నర్సప్ప కర్రతో తోశాడు. బండ నీళ్ళ కింద ఉంది కాబట్టి దాని మీద సున్నం వేయడం కుదరదు. రాజరత్నం గారు గెడకు వేశారు. నీటి దగ్గర నుంచి చేయి అందినంత ఎత్తు దాకా, చుట్టూ తిప్పి, రెండు పూతలు. మిగిలింది నీళ్ళలో వంచారు. అది మబ్బులా పరుచుకుని మెల్లగా కిందికి దిగింది.

ఏప్రిల్ ఎండకు సున్నం తొందరగా ఆరింది. ఆరిన కొద్దీ తెల్లబడింది. అంత నల్లటి నీళ్ళ మధ్య గెడ నిలువుగా వెలిగింది. మార్తమ్మ కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని అటు చూసింది.

“కనవడ్తాంది,” అంది.

నిజంగా కనిపించిందో లేదో నేను అడగలేదు. ఆ రోజు అక్కడ అబద్ధం చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. బండ మళ్ళీ తేలలేదు. ఒట్టు ప్రకారం మే నెలలో మార్తమ్మ సూర్యలంక వచ్చింది. తడి ఇసుకలో కూర్చుని, పాదాల మీదికి వచ్చిపోయే నీళ్ళ చప్పుడు వింటూ, ఇవి ఎప్పుడు దిగుతాయని అడిగింది. దిగవమ్మా అన్నాను. “అయితె దీని కింద మనోళ్ళెవరు లేరు,” అని, పిల్లలను పోయి ఆడుకొమ్మంది.

తర్వాత నేను తప్పుకునే దాకా వేసిన ప్లానులలో రెండు మార్పులు చేశాను. నీటి ఒడ్డు యాత్ర ఏదైనా సరే, బయలుదేరే పొద్దున అక్కడికి మనిషిని పంపి, అంచు ఎక్కడుందో కళ్ళతో చూసి ఫోను చేయమనేవాణ్ణి. పాతిన గెడలన్నిటికీ ఎర్ర గుడ్డకు బదులు సున్నం వేయించేవాణ్ణి, అది దూరం నుంచి బాగా కనిపిస్తుంది. మూడోది ప్లానులో రాసేది కాదు. బస్సు దిగే దాకా ఎంత కథైనా చెప్పవచ్చు. తాడు దగ్గరికి వచ్చాక నీళ్ళు ఎంతున్నాయో అంతే చెప్పాలి.